కళ్లకలకకు షాపువాడిచ్చే చుక్కలు వద్దు

సంపాదకులకు,

ఈశాన్య రుతుపవనం మొదలైందంటే చెన్నైలో కళ్లకలక, అదే మద్రాస్ ఐ, కూడా వచ్చేసినట్టే. ఎగ్మోరులో 1819 నుంచీ కంటి ఆసుపత్రి ఉన్న ఊరిది. అయినా కన్ను ఎర్రబడగానే జనం పరుగెత్తేది వీధి చివరి మెడికల్ షాపుకే. అక్కడ డాక్టరు చీటీ అడిగేవాళ్లు తక్కువ. చాలాసార్లు చేతిలో పెట్టేది యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కలు.

డబ్బా మీది సన్న అక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్: వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడే, చీటీ లేకుండా అమ్మకూడని మందు. వేసిన కాసేపటికి ఎరుపు తగ్గుతుంది. జనం బోల్తా పడేది అక్కడే. కళ్లకలకకు ఎక్కువగా కారణం అడినోవైరస్. స్టెరాయిడ్ దాన్ని చంపకపోగా కంట్లో మరిన్ని రోజులు తిష్ఠ వేయనిస్తుంది. ఎరుపుకు కారణం హెర్పిస్ అనే మరో వైరస్ అయితే నల్లగుడ్డు మీది పుండు ముదిరి చూపుకే ఎసరు. వారాల తరబడి వాడితే దాదాపు ముగ్గురిలో ఒకరికి కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు కనుక తెలియదు కూడా.

వైరస్ మీద యాంటీబయాటిక్ కూడా పనిచేయదు. మామూలు కళ్లకలక రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. చల్లటి నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డ, కన్ను తడిగా ఉంచే లూబ్రికెంట్ చుక్కలు చాలు. నందివర్ధనం పూలు, చనుబాలు హాయిగా అనిపించవచ్చు గానీ కొత్త క్రిములను తెచ్చిపెడతాయి.

చుక్కలు వేయడంలోనూ తప్పులే. కింది రెప్ప లాగితే ఏర్పడే సంచిలో పట్టేది సుమారు 30 మైక్రోలీటర్లు. ఒక్క చుక్కతోనే అది నిండిపోతుంది, రెండోది చెంప మీదికి కారడానికే. సీసా మూతి రెప్పకు తగలకూడదు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను ఒక నిమిషం నొక్కితే మందు గొంతులోకి జారదు. రెండో మందుంటే ఐదు నిమిషాలు ఆగాలి. ఇంటిల్లిపాదికీ ఒకే సీసా వాడితే జబ్బును పంచుకున్నట్టే.

చూస్తే అంటుకోదు. అంటించేవి చేతులు, తువ్వాలు, దిండు గలీబు. ఈ వైరస్‌కు శానిటైజర్ కన్నా సబ్బు నయం. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కన్ను నొప్పి పెట్టినా, కాంటాక్ట్ లెన్స్ వాడేవారైనా, పసికందైనా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఔషధ నియంత్రణ శాఖ కనీసం ఈ వానల కాలంలోనైనా షాపులను తనిఖీ చేయాలి. చీటీ అడక్కుండా ఈ చుక్కలు అమ్మితే బిల్లు అడిగి తీసుకోండి. ఫిర్యాదుకు అదే ఆధారం.

— ఒక నేత్ర వైద్య సహాయకుడు, పెరంబూరు, చెన్నై