మా మగ్గం మళ్లీ ఆడుతోంది, మీ అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం చర్చి వాళ్లు ఇచ్చిన నూలు అడ్వాన్స్ చివరి వాయిదా తీర్చేసి వచ్చాం. రిజిస్టర్లో మా పేరు ఎదురుగా పాస్టరమ్మ గారు "చెల్లు" అని రాసి సంతకం పెడుతుంటే మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఇది నలుగురికీ చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

మాది వరంగల్, బొందివాగు పక్క కాలనీ. మా ఆయన గుంట మగ్గం మీద జంపఖానాలు నేస్తారు, నేను కండెలు చుడతాను. 2023 జూలై 27 వానను ఇక్కడ ఎవరూ మర్చిపోలేరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడిందట. మా ఇంట్లో మగ్గం గుంట బావిలా నిండిపోయింది. సగం నేసిన జంపఖానా, మూలన పెట్టుకున్న నూలు, అంతా బురదే.

పక్క వీధి చర్చి హాల్లో మూడు రాత్రులు తలదాచుకున్నాం. అన్నం పెట్టినవాళ్లు, దుప్పట్లు ఇచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, అందరికీ రుణపడి ఉంటాం.

నీళ్లు తగ్గాక చర్చి స్త్రీల సమాజం అక్కలు చీపుర్లు, బకెట్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఒక అక్క బురదలో బోర్లా పడున్న మా మార్కండేయ స్వామి పటం తీసి, కొంగుతో అద్దం తుడిచి, "వదినా, దీన్ని ఏ గోడకు పెట్టేవాళ్లు?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. మా కులమేంటి, మతమేంటి అని ఆ రోజూ అడగలేదు, ఈ రోజు వరకూ అడగలేదు.

ఆ అక్కలకు ఒక కుట్టు కేంద్రం ఉంది. చర్చిలో కోత పండుగకు జనం తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం వేలం పాడగా వచ్చిన డబ్బుతో మొదటి మిషన్లు కొన్నారట. బడి యూనిఫాంలు, సంచులు కుట్టి అమ్ముతారు. కుట్టినవాళ్లకు కూలీ వారం వారం ఇస్తారు. మిగిలిన దాంట్లో కొంత కొత్త సామానుకు, కొంత సాయంత్రం పిల్లల ట్యూషన్‌కు. లెక్క అంతా గోడ మీద అంటిస్తారు, ఎవరైనా చదువుకోవచ్చు.

అప్పటికే మేం ఒకచోట వారం వడ్డీకి అప్పు తెచ్చి టెన్షన్‌లో ఉన్నాం. మా వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అది మాకు గర్వమే. కానీ నూలు కొనడానికి చేతిలో పైసా ఉండాలి కదా. పాస్టరమ్మ గారు మా ఆయనతో, "అన్నా, డబ్బు ఇస్తే పది రోజుల్లో అయిపోతుంది. పని ఇస్తాం, నేస్తావా?" అన్నారు. మెదక్ చర్చి సంగతి కూడా ఆమే చెప్పారు. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర దాన్ని పదేళ్లపాటు, 1914 నుంచి 1924 దాకా కట్టించి, పనికి వచ్చినవాళ్లకు తిండి పెట్టారట. "ఊరికే పెడితే తినేవాడి మనసు చిన్నబుచ్చుకుంటుంది" అన్నారు పాస్టరమ్మ గారు. మా ఆయన తల ఎత్తింది ఆ మాటకే.

పల్లెల్లో చిన్న చర్చిలకు వచ్చేవాళ్లు కిందే కూర్చుంటారు. వాళ్ల కోసం 30 జంపఖానాలు మాకు ఆర్డర్ ఇచ్చారు. నూలుకు, మగ్గం బాగుకు ముందే డబ్బిచ్చి, వడ్డీ లేకుండా ఒక్కో జంపఖానా కూలీలోంచి కొంచెం కొంచెం పట్టుకున్నారు. నాకు మిషన్ కుట్టడం కూడా నేర్పారు. చిరిగిన అంచులు ఇప్పుడు నేనే కుడుతున్నాను.

పాస్టరమ్మ గారికి, అక్కలందరికీ, ఆర్డర్ ఇచ్చిన పల్లెల వాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాం.

ఈసారి కోత పండుగకు ఎర్ర అంచు జంపఖానా ఒకటి నేసి ఇస్తున్నాం. పడుగు ఎక్కించాం. వేలానికి మీరంతా రండి, గట్టిగా పాడండి.