సైకిల్ ట్రాక్ వేశారు సరే, ఊడ్చేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన సోమవారం మళ్లీ సైకిల్ పంక్చర్ అయింది, రెండు నెలల్లో ఇది మూడోసారి. షాపు అబ్బాయి టైరు లోపల వేలితో తడిమి గోధుమగింజంత గాజుముక్క తీసి నా చేతిలో పెట్టి, "ఆదివారం సీసాలు అంకుల్, సోమవారం నాకు గిరాకీ" అని నవ్వాడు. మా కాలనీ పక్కన ట్రాక్ వేసినప్పుడు రంగులు, రిబ్బన్ కటింగ్, ఫ్లెక్సీలు అన్నీ బానే చేశారు, ఊడ్చే మనిషిని మాత్రం పెట్టలేదు. మధ్యలో డ్రైనేజీ మీద పలక విరిగి గుంత పడితే ఎవరో పుణ్యాత్ములు అందులో వేపకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు, ఆకులన్నీ రాలిపోయి ఇప్పుడు ఉత్త పుల్ల మిగిలింది, చీకట్లో అదీ కనబడదు. కంప్లైంట్ ఇద్దామని వెళ్తే ఆ కరెంటు స్తంభం దాకే మాది సార్, అవతలది వాళ్లది అన్నారు, అవతలికి వెళ్తే స్తంభం కూడా మాది కాదన్నారు.

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023 అక్టోబర్‌లో ఓపెన్ చేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద నేనూ తొక్కా. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల నీడ, ఎండాకాలం కూడా హాయిగా తొక్కొచ్చు, కాదనను. కానీ కారు వెనక సైకిల్ కట్టుకుని అక్కడికి పోయేవాళ్లు వేరు, డ్యూటీకి సైకిల్ మీద పోయే వాచ్‌మన్ వేరు, ఆయనకి కావాల్సింది వీధి చివరి ట్రాక్ ముక్క.

ఫుట్‌పాత్ సంగతీ అంతే. నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూలు, మా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టేపు పెట్టి చూస్తే రెండడుగులు కూడా లేదు. నడిచే దారి రాజ్యాంగం ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కింద హక్కని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది కూడా. బజ్జీల బండి వాళ్లని నేను తిట్టను, వాళ్లకి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, జాగా చూపించాల్సింది మునిసిపాలిటీలే. బుల్లెట్ బండ్లు ఎక్కించేవాళ్లని మాత్రం ఎంత తిట్టినా తక్కువే.

నేనడిగేది పెద్ద కోరికేం కాదండీ, జిల్లాలో ఉన్న నడక దారులు సైకిల్ దారులు అన్నీ ఒకే రిజిస్టర్లో రాసి ఒక ఇంజనీర్‌కి అప్పజెప్పండి, కొత్తది శాంక్షన్ చేసేటప్పుడే ఐదేళ్లు ఊడ్చే డబ్బు, బల్బులు మార్చే డబ్బు పక్కన పెట్టండి, వానలు రాకముందే పలకలు చూడండి, కిలోమీటరుకో బోర్డు పెట్టి ఈ ముక్క ఎవరిదో ఫోన్ నంబర్‌తో సహా రాయండి.

ఈలోగా ఆ గుంతలో కొత్త వేపకొమ్మ నేనే గుచ్చుదామనుకుంటున్నా, దానికి పర్మిషన్ కావాలంటే మాత్రం ముందు ఆ స్తంభం ఎవరిదో తేల్చాలి.

ఇట్లు,
ఓ రిటైర్డ్ సైకిలాయన, హైదరాబాద్ శివారు