స్టెప్నీ లేని బండి

నల్లగొండ,
ఆదివారం మధ్యాహ్నం

అరేయ్ గోలీసోడా,

తిట్టకు. నీ ఉత్తరం వినాయక చవితికి ముందు వచ్చింది, నేను దసరా దాటాక రాస్తున్నా. కారణాలు చెప్పినా నువ్వు నమ్మవు, అందుకే చెప్పను. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నాయి. చిన్నోడికి ముందు పళ్లు ఊడాయి. బత్తాయి కోత నడుస్తోంది, రేటు మాత్రం అడగకు. ఇంటి ముచ్చట్లు ఇంతే. ఇప్పుడు బండి సంగతి విను, పది రోజుల నుంచి కడుపులో ఆగడం లేదు.

పాత కారు అమ్మేశానని ఫోన్‌లో చెప్పా కదా. సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద పన్ను సెస్సుతో కలిపి 50 శాతం ఉన్నది 40కి దిగింది. సరే, టాటా సఫారీ తీసుకుందామని నేను, నాయిన ఒక మాట అనుకున్నాం. ఏడు సీట్లు, డీజిల్, క్రాష్ టెస్టులో 5 స్టార్లు. పైగా మీ పుణెలోనే పుడుతుంది కాబట్టి నీకు చుట్టం. అంతా కుదిరింది అనుకుంటుండగా మా బామ్మర్ది ఊడిపడ్డాడు.

"బావా, అదే పైసలకు జర్మనీ బండి వస్తుంటే ఇదేంది?" అన్నాడు. వాడి ఆఫీసులో ఒకాయన 2019 మోడల్ అమ్ముతున్నాడట. పేరు రాయను. ఇంటర్‌లో నీ గది గోడకు పోస్టర్ అంటించి, దానికి అగరుబత్తి కూడా వెలిగించావే, ఆ బండే! వాడి లెక్క వింటే నీకూ నోరూరుతుంది: లైఫ్ ట్యాక్స్ ఎప్పుడో కట్టేశారు, సగం ధర మొదటి ఓనరు నెత్తిన పడిపోయింది, మిగిలిన సగానికి మనం రాజాలాగా తిరగొచ్చు. రెండు రోజులు వాడి చూడమని తాళం కూడా ఇప్పించాడు.

నిజం చెప్పనా? హైదరాబాద్ నుంచి 65 నంబరు హైవే మీద తోలుకుంటూ వస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. తలుపు వేస్తే శబ్దం కాదురా అది, ఇనప్పెట్టె మూసినట్టు. పంతంగి టోల్ దాటాక కాస్త నొక్కితే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యేసి తోసినట్టుంది. లోపల లారీ హారన్ కూడా వినపడదు. నార్కట్‌పల్లి దగ్గర ఇటు తిరిగేసరికి మనసులో సఫారీకి విడాకులు ఇచ్చేశా. సీటు వేడి చేసే మీట కూడా ఉంది, నల్లగొండలో! మే నెలలో ఎవడన్నా పొరపాటున నొక్కితే అప్పడమే.

తెల్లారి తోటకు పోదామన్నాను. నేను, నాయిన, అమ్మ, నాయనమ్మ, బామ్మర్ది. అయిదుగురితో బండి నిండింది. మీ చెల్లెలు, పిల్లలు గడప దగ్గరే నిలబడ్డారు. "ఇంకా కొననే లేదు, అప్పుడే నా సీటు పోయిందా?" అన్నది. ఆ మాటకు నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. (ఇంకా మాట్లాడటం లేదు, కూర మాత్రం వడ్డిస్తోంది.)

కనగల్ అవతల మన మొరం దారి నీకు తెలుసు. నువ్వు లూనాతో సహా కాలవలో దిగిన చోటు. ఈసారి వానలకు కల్వర్టు పక్కన కంకర తేలింది. మెల్లగానే పోతున్నా. ఠప్ మని ఒక్క శబ్దం, మీటరు మీద ఎర్ర గుర్తు. దిగి చూస్తే ముందు టైరు పక్క గోడ కోసుకుపోయింది. టైరు ఎంత పలచనో చూడు, రిమ్ముకు నేలకు మధ్య నాలుగు వేళ్లు కూడా లేవు.

"స్టెప్నీ తియ్" అన్నాడు నాయిన.

డిక్కీ కింద చాప ఎత్తాను. బ్యాటరీ ఉంది, కాస్త థర్మోకోల్ ఉంది, స్టెప్నీ లేదు. స్టెప్నీ లేని బండిలో నేను! పన్నెండో ఆటగాడిగా నాలుగేళ్లు ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో నీళ్ల సీసాలు మోసిన నన్ను నువ్వు ఏ పేరుతో పిలిచేవాడివో నాకు అక్కడే గుర్తొచ్చి పిచ్చి నవ్వు వచ్చింది. నాయిన మాత్రం నవ్వలేదు.

బామ్మర్ది పుస్తకం తీసి చదివాడు. అది రన్‌ఫ్లాట్ టైరట. గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి గాలి పోయినా బరువు మోస్తుంది. 80 వేగం దాటకుండా 80 కిలోమీటర్లు పోవచ్చు, బరువెక్కువైతే అదీ తగ్గుతుంది. "చూశావా బావా, టెక్నాలజీ!" అన్నాడు. నాయిన తువ్వాల దులిపి వేప చెట్టు కింద కూర్చుని అడిగాడు: "హైదరాబాద్ ఎంత దూరం?"

నల్లగొండ నుంచే సుమారు 100.

ఇక ఎవరూ మాట్లాడలేదు. చౌటుప్పల్ దాటాక ఎక్కడో రోడ్డు పక్కన ఆ బండి మమ్మల్ని దింపేసే చోటు అందరికీ కళ్లముందు కనపడింది. బరువు తగ్గించాలని ఆడవాళ్లను బత్తాయిలు తీసుకెళ్లే ఆటో ఎక్కించాం. నాయనమ్మ గంపల మధ్య కూర్చుని "గీ బండి కన్నా గిదే నయం, గాలన్నా వస్తది" అన్నది. ముసల్దానికి అంత సంబరం నేను మా పెళ్లిలో కూడా చూడలేదు.

గడియారం సెంటర్ దాకా ఎద్దుబండి వేగంతో వచ్చాం. పంక్చర్ అబ్బాయి టైరును ఒక్కసారి తట్టి, "గోడ పోతే అతుకు పడదన్నా, గీ టైరు నా దగ్గర దొరకదు" అన్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు ఫోన్ చేస్తే, మామూలు పాలసీలో ఒక్క టైరే పోతే రాదు, బండికి కూడా దెబ్బ తగిలి ఉంటే టైరు ధరలో సగం వస్తుందన్నాడు. బామ్మర్ది బంపర్ వైపు అదోలా చూశాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నా.

బండి మర్నాడు ఇంకో బండి మీద ఎక్కి హైదరాబాద్ పోయింది. టైరు మేమే కొనిచ్చాం. అది కూడా జతగా మార్చాలన్నారు. ధర వినగానే నాయిన, "మన ట్రాక్టరుకు ముందు టైర్లు రెండూ కొన్నా ఇంకా మిగులుతయి కదరా" అన్నాడు. నాకు అప్పుడు తట్టింది, బండి ధర సగానికి పడింది గానీ సామాను ధర సగానికి పడలేదు. ఈ లెక్క బామ్మర్ది కాగితం మీద లేదు.

సఫారీ పునాది, అదే ఓమెగార్క్ అంటారు చూడు, ల్యాండ్ రోవర్ వాళ్ల దాని నుంచే వచ్చిందని వాడితో అంటే, "మేనత్త కోటీశ్వరురాలైతే నీకేంటి బావా" అన్నాడు. అదీ నిజమే. ఆ తలుపు శబ్దం దీనికి రాదు. మూడో వరస లేపితే వెనక బత్తాయి బస్తా ఒక్కటి కూడా పట్టదు, పిల్లలు తప్ప అక్కడ పెద్దవాళ్లు కూర్చోలేరు. కానీ ఏడుగురం ఒకే బండిలో చెరువుగట్టు పోయి రావొచ్చు. రేపు అడ్వాన్సు ఇస్తున్నాం. టీజీ 05 నంబరు.

అయినా రాత్రిళ్లు నిద్రలో ఆ 65 నంబరు రోడ్డు మీద ఒక్కణ్నే తోలుతున్నట్టు... ఇది మీ చెల్లెలికి చెప్పకు. నాయినకు అసలే చెప్పకు. రంగు ఇంకా తేలలేదు, నాయనమ్మ తెలుపంటోంది, పిల్లలు నలుపంటున్నారు, నేను ఆ ముదురు

లారీ వచ్చింది, హారన్ కొడుతున్నాడు. గంపలు లెక్కపెట్టాలి. నీ ఉద్యోగం సంగతి అడగడం మరిచా, అది

నీ స్టెప్నీ