విలువల పేపరుకు రాత పరీక్ష వద్దు

మన క్రైస్తవ డిగ్రీ కాలేజీల్లో చాలాచోట్ల సామాన్య విద్య (ఏ కోర్సువారికైనా చరిత్ర, సాహిత్యంలాంటి అన్ని రంగాల పరిచయం), శీల నిర్మాణం పేరుకే మిగిలాయి. 1843లో మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ బడి పెట్టినా, 1885లో గుంటూరులో లూథరన్ మిషన్ ఆంధ్ర క్రైస్తవ కళాశాల ప్రారంభించినా, చదువుతోపాటు నడవడికా దిద్దాలన్నదే సంకల్పం. ఇప్పుడు మా ప్రాంతంలోని ఒక కాలేజీలో ల్యాబ్ రికార్డులు బాకీ పడితే ముందు ఎగిరిపోయేది మానవ విలువల పీరియడే. పరీక్ష ముందు రోజు గేటు ఎదుటి షాపులో నిజాయితీ మీది జవాబులకు మైక్రో జిరాక్స్ చీటీలు తీయడం కళ్లారా చూశాను. సమాజ సేవా ప్రాజెక్టు రిపోర్టులూ అక్కడే, ఊరి పేరు మార్చి ప్రింటు తీస్తున్నారు. పిల్లలనే అనలేం, మార్కుల టెన్షన్ వాళ్లది. ఈ మానవ విలువల పేపరుకు రాత పరీక్ష తీసేయాలి. పదిహేను మందికొక రెగ్యులర్ లెక్చరర్‌ను కేటాయించి, వారానికో సాయంత్రం ప్రభుత్వాసుపత్రిలో రోగులకు దారి చూపడమో, హాస్టల్ పిల్లలకు లెక్కలు చెప్పడమో చేయించాలి. లెక్చరరూ పక్కనే ఉండి ఆ పని చేయాలి, లేకపోతే అదీ సంతకాల తంతే అవుతుంది. సైన్సు విద్యార్థులు ఒక్క సెమిస్టరైనా చరిత్ర, సాహిత్యం చదివి చర్చించాలి. సిలబస్, పరీక్షలు తామే నిర్ణయించుకునే స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు వచ్చే విద్యాసంవత్సరం నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.

– ఒక విశ్రాంత లెక్చరర్, తెనాలి