శాకాహార సూప్‌లో చేప తురుమా?

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల తిరుపతిలోని ఒక జపనీస్ హాట్‌పాట్ హోటల్‌కు కుటుంబంతో వెళ్లాము. టేబుల్ మధ్యలో మరుగుతున్న సూప్‌లో కూరగాయలు, పుట్టగొడుగులు, టోఫు ఎవరికి వారు ఉడికించుకుని తినే షాబు షాబు పద్ధతి పిల్లలకు ఎంతో నచ్చింది. ముక్కను చాప్‌స్టిక్స్‌తో వేడి నీటిలో అటూ ఇటూ ఆడించినప్పుడు వచ్చే చప్పుడే ఆ పేరుకు మూలం.

సగం భోజనమయ్యాక మా అమ్మగారికి సందేహం వచ్చి అడిగితే, మెనూలో ‘శాకాహారం’ అని రాసిన ఆ సూప్‌కు ఆధారమైన దాషిని కొంబు అనే సముద్రపు నాచుతో పాటు కట్సుఓబుషితో, అంటే పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముతో కాచినట్లు సిబ్బంది తాపీగా చెప్పారు. ఆ పూట ఆమె మళ్లీ ముద్ద ముట్టలేదు.

చేప లేకపోతే రుచి రాదన్న వారి సాకు చెల్లదు. జపాన్ బౌద్ధ మఠాల వంటలో దాషిని చేప లేకుండా కొంబుతోనే కాస్తారు. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా ఉమామి అనే కమ్మటి రుచికి కారణమైన గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసింది కూడా ఆ నాచు నుంచే.

ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనే యాత్రికులు నిత్యం వచ్చే ఊరు కనుక, హోటళ్లు ముక్కలకే కాక అవి ఉడికే సూప్‌కూ ఆ గుర్తును నిజాయితీగా వేసేలా ఆహార భద్రతా అధికారులు చూడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి