ఓజోన్‌కి చిల్లు పడింది వేడికి కాదు, ఐసు మీద

సంపాదకుడు గారికి నమస్కారం.

సెప్టెంబర్ 16, ఓజోన్ దినోత్సవం వస్తే చాలు మన జిల్లాలో స్కూళ్లల్లో గొడుగు బొమ్మలేయించి, పిల్లకాయల చేత ర్యాలీ తీయించి, బిస్కెట్లు పంచి పంపిస్తారు, దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మొన్న మీ జిల్లా పేజీలో ఆ ర్యాలీ వార్తలోనే భూమి వేడెక్కబట్టి ఓజోన్ పొర కరిగిపోతా ఉందని రాశారు, అది మాత్రం తప్పండీ. వేడికే పడేదైతే ఆ చిల్లు మొట్టమొదట మా కావలి నెత్తిన పడాల, రోహిణి కార్తెలో మేం పడే అవస్థ మీకు తెలియంది కాదు. అది పోయిపోయి అంటార్కిటికా మీద ఎందుకు పడిందో ఒక్కరన్నా అడగరే!

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఉద్యోగం దొరక్క ఏసీల లైన్లోకి వచ్చినోణ్ణి, కాబట్టి ఈ విషయం నాకు రెండు వైపులా తగులుతుంది, అందుకే రాస్తున్నా.

పాత ఫ్రిజ్జుల్లో వాడిన ఆర్-12 లాంటి గ్యాసులు పైకిపోయి, అక్కడ ఎండకి విరిగి క్లోరిన్ బయటపడి ఓజోన్‌ని తినేస్తుందని మోలినా, రోలండ్ అనే సైంటిస్టులు 1974లోనే చెప్పారు. అయితే వాళ్ల లెక్క ప్రకారం ఆ నష్టం చాలా ఎత్తులో, నిదానంగా జరగాల. 1985లో బ్రిటిష్ వాళ్లు అంటార్కిటికాలోని తమ హాలీ బే కేంద్రం నుంచి కొలతలు బయటపెట్టేసరికి అందరికీ దిమ్మ తిరిగింది, అక్టోబర్‌లో ఓజోన్ 300 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ ఎంతుందో కొలిచే లెక్క) దగ్గర ఉండాల్సింది 200 దగ్గరికి పడిపోయి ఉంది. ఉత్త గ్యాసు లెక్కలతో ఇంత నష్టం ఎట్టా వచ్చిందో ఎవరికీ అంతుబట్టలా. ఎందుకంటే పైన క్లోరిన్ చాలావరకు హైడ్రోజన్ క్లోరైడ్‌గా, క్లోరిన్ నైట్రేట్‌గా కట్టుబడి ఉంటుంది, ఈ రెండూ గాల్లో పక్కపక్కనే తిరుగుతున్నా ఒకదాని జోలికి ఒకటి పోకుండా గమ్మున ఉంటాయి, ఓజోన్‌ని కూడా ఏమీ చెయ్యవు.

సూసన్ సాలమన్ అనే అమెరికా సైంటిస్టు, అప్పటికి ముప్పై ఏళ్లే, 1986లో తోటివాళ్లతో కలిసి చెప్పిందేందంటే ఇది గాల్లో జరిగే రియాక్షన్ కాదు, మంచు రేణువుల మీద జరిగేది అని. దక్షిణ ధ్రువంలో చలికాలమంతా పొద్దు పొడవదు, పైన గాలి సుడిలాగా ఒకచోటే తిరుగుతా చల్లబడిపోయి మైనస్ 78 డిగ్రీలు దాటాక నైట్రిక్ యాసిడ్, నీళ్లు కలిసి గడ్డకడతాయి, మైనస్ 85 దగ్గర అచ్చమైన ఐసు మేఘాలే ఏర్పడతాయి. ఆ రేణువు మీద హైడ్రోజన్ క్లోరైడ్ అతుక్కొని ఉంటుంది, క్లోరిన్ నైట్రేట్ వచ్చి తగులుతుంది, అంతే, గాల్లో ఎంతకీ కదలని రియాక్షన్ అక్కడ చటుక్కున అయిపోతుంది. క్లోరిన్ గ్యాసు బయటికి పోతుంది, నైట్రిక్ యాసిడ్ ఐసులోనే ఉండిపోతుంది. జువ్వలదిన్నె వైపు రొయ్యలు ప్యాక్ చేసేవాళ్లు ఐసు దిమ్మని అట్టే పెట్టరు, పొడి కొట్టి పోస్తారు, పొడి అయితేనే అన్ని రొయ్యలకీ తగులుతుంది గదా, పైన మేఘంలో కూడా లెక్క అదే, బరువు కాదు పైతలం ఎంతుందన్నదే ముఖ్యం. ఇంకో సంగతి, ఆ రేణువులు పెరిగి బరువెక్కి కిందికి జారేటప్పుడు నైట్రోజన్‌ని కూడా వెంట తీసకపోతాయి, దాంతో క్లోరిన్‌ని మళ్లా కట్టేసేది ఏదీ పైన మిగలదు. ఆగస్టు, సెప్టెంబర్‌లో పొద్దు కనపడగానే ఆ క్లోరిన్ విడిపోయి ఓజోన్ మీద పడుతుంది, ఒక్కో క్లోరిన్ పరమాణువు వేల మీద ఓజోన్ అణువుల్ని పాడు చేస్తుంది. సాలమన్ ఆ సంవత్సరమే టీముతో అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రానికి పోయి కొలిస్తే అక్కడ క్లోరిన్ ఓజోన్‌ని తిన్నప్పుడు పుట్టే క్లోరిన్ మోనాక్సైడ్ మామూలు కంటే ఎన్నో రెట్లు ఉంది. మరుసటేడే ఈ గ్యాసుల్ని తగ్గించాలని దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం జరిగింది, సెప్టెంబర్ 16నే, మన ర్యాలీలు అందుకే.

చలి ఉండేది అక్కడైనా క్లోరిన్ పోయేది మన ఇళ్ల నుంచే. కొత్త ఏసీల్లో ఆర్-32 వస్తుంది, దాంట్లో క్లోరిన్ లేదు, ఓజోన్‌కి భయం లేదు, వేడి పెంచే గుణం మాత్రం ఉంది. పాత ఏసీల్లో మాత్రం క్లోరిన్ ఉండే ఆర్-22 ఇంకా చాలా ఉంది. ఆర్-12తో పోలిస్తే అది చేసే కీడు ఇరవయ్యో వంతే, నిజమే, అంతమాత్రాన వీధిలోకి వదిలేయొచ్చా? మా లైన్లో ఇల్లు మారేటప్పుడు ఏసీ పీకేవాళ్లు చాలామంది స్పానర్ పెట్టి నట్టు లూజు చేసి బుస్సుమని గ్యాసంతా వదిలేస్తారు, నట్టు మీద తెల్లగా మంచు పేరుకుంటుంది, కస్టమరేమో పక్కన నిలబడి అబ్బ ఎంత చల్లగా ఉందో అని చెయ్యి పెడతాడు. నిజానికి ఏసీ కూలింగ్‌లో నడిపిస్తా సన్న పైపు వాల్వు అలెన్ కీతో మూసి, రెండు మూడు నిమిషాలు ఆగి, గ్యాసు అవుట్‌డోర్‌లోకి లాక్కున్నాక లావు పైపు వాల్వు మూసి వెంటనే స్విచ్ ఆపేస్తే సరిపోతుంది, కొత్త చోట బిగించేటప్పుడు గ్యాసు డబ్బులూ మిగులుతాయి. అది కూడా చెయ్యరంటే బద్ధకమే, ఇంకో మాట లేదు, కొత్తగా గ్యాసు నింపితే బిల్లు పెరుగుద్దనే ఆశ కూడా కొంచెం ఉంది.

కంప్రెసర్ కాలిపోతే మాత్రం ఈ పద్ధతి కుదరదు, గ్యాసుని బయటికి లాగి సిలిండరులోకి పట్టే రికవరీ మిషను, ఖాళీ సిలిండరు కావాల. అవి చిన్న మెకానిక్కుల దగ్గర ఉండవు, రోజుకి ఒకటో రెండో కాల్స్ మీద బతికేవాడు యాడ కొంటాడు? ఆర్-22ని దేశంలో 2030కల్లా, సర్వీసింగ్‌కి కొద్దిగా మినహాయించి, ఆపేయాలని లెక్క, అంటే ఈ నాలుగైదేళ్లలోనే పాత ఏసీలన్నీ పాత సామాన్ల అంగళ్లకి పోతాయి, అక్కడ సుత్తితో పైపు కొట్టి రాగి తీసేటప్పుడు పోయే గ్యాసుని ఆపేవాడు లేడు. అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థితికి రావాలంటే 2066 దాకా పడుతుందంటున్నారు, అది కూడా అందరూ మాట మీదుంటేనే.

కాబట్టి కలెక్టర్ గారు వచ్చే సెప్టెంబర్‌కి ర్యాలీతో పాటు కావలి, నెల్లూరులో ఒక్కో ఐటీఐలో రెండేసి రికవరీ మిషన్లు పెట్టించి, రోజువారీ అద్దెకి మెకానిక్కులకి ఇప్పించేట్టు చూడాలని మీ పేపర్ ద్వారా కోరుతున్నా. ఆ వార్తకి సవరణ కూడా వేయండి, అదే జిల్లా పేజీలో.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్, కావలి