రాజమండ్రి మండువా ఇల్లు ఎందుకు ఆలస్యమవుతోందంటే

పాత ఇంటి పని మాకు అప్పగించి, మీ వంతు కోసం ఎదురుచూస్తున్న అందరికీ ఒక మాట చెప్పాలి. రాజమండ్రిలో సంక్రాంతికి ఇస్తానన్న మండువా ఇల్లు, అంటే నడిమధ్య పైకప్పు లేని లోగిలి ఉన్న పాత ఇల్లు, ఉగాదికి గానీ పూర్తి కాదు. తప్పు నాదే.

ఆ ఇంటి గోడలు ఇటుక, డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగ పట్టిన సున్నం) కట్టినవి. వెనక గదిని బాత్రూమ్‌గా మారుస్తూ, టైల్స్ గట్టిగా పట్టాలని పాత గోడ మీదే సిమెంటు పూయించాను. మా పెద్ద మేస్త్రి వద్దన్నారు. "సున్నం గోడకి ఊపిరాడాలి బాబూ" అన్నారు. వినలేదు, పని త్వరగా తేలాలనుకున్నాను. వానలు వెళ్లేసరికి టైల్స్‌కి పైనున్న గోడంతా ఉప్పు తేలింది. అవతలి గదిలో పూత పెచ్చులుగా రాలింది. నేలలోంచి గోడకెక్కే చెమ్మ సున్నంలోంచి మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ ఇటుకలోనే నిలిచిపోతుంది.

ఇప్పుడు సిమెంటంతా ఉలితో చెక్కిస్తున్నాం. మెషీన్ పెడితే పాత ఇటుక చితికిపోతుంది. గోడ పూర్తిగా ఆరాక మళ్లీ సున్నం పూయాలి. సున్నం నీళ్లలో మగ్గాలి, ఇసుకతో కలిపి గానుగ పట్టాలి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపాలి. ఒక పూత ఆరాకే రెండోది. ఈ ఖర్చంతా నాదే, ఇంటివారి దగ్గర రూపాయి తీసుకోను.

ఇకమీదట బాత్రూమ్‌కి పాత గోడ నుంచి జానెడు ఎడంగా వేరే గోడ కడతాం. వైర్ల కోసం గోడ తొలచం, దూలాల పక్కనుంచి పైపుల్లో తీసుకెళ్తాం. మండువా పైన అద్దం వేయమని చాలామంది అడుగుతున్నారు. కోతులు, వాన జల్లు, దోమలతో మీ ఇబ్బంది నాకు తెలుసు. వేస్తాం, కానీ చూరు కంటే ఎత్తులో, చుట్టూ గాలి పోయే సందు వదిలే వేస్తాం. ఇంట్లోని వేడి బయటికి పోయే దారి అదే మరి.

ఒక్క సంతోషం మాత్రం ఉంది. మండువా స్తంభాల మీది ఆకుపచ్చ పెయింటు గీకితే కింద మంచి టేకు బయటపడింది. ఎదురుగా కొత్త వంటగదికి తెల్లటి అరలు పెట్టాం. ఆ టేకు రంగు పక్కన అవి ఎంత బాగున్నాయో!

తర్వాత వరసలో ఉన్న రెండు ఇళ్లూ రెండేసి నెలలు వెనక్కి జరుగుతాయి. ఆగలేమంటే అడ్వాన్సు వారంలో తిరిగిచ్చేస్తాను. చూడాలనుకుంటే ఈ ఆదివారం రండి, చెక్కిన గోడ ఇంకా అలాగే ఉంది.